ఉలి పట్టినోడు

తీగ వెంట బిట్లు వస్తాయి, గడియారం రాదు.
ఈ మాట అర్థం చేయించడానికి ఆరు నెలలు పట్టింది,
మా ప్రిన్సిపాల్‌కి, మా ఇంట్లోవాళ్లకి,
చివరికి నాకు.

సెకనుకు వెయ్యి కోట్ల బిట్లు.
ఒక్కోదానికి దక్కే కాలంలో
వెలుతురు సైతం మూడు సెంటీమీటర్లు దాటదు.
ఆ మూడు సెంటీమీటర్లకు సరిగ్గా నడుమ నిలబడి
నేను చూడాలి: ఉందా, లేదా.
కాస్త ముందైతే పాత బిట్టు తోక,
కాస్త వెనకైతే రాబోయేదాని తల.

కడపలో మే నెల. ల్యాబులో ఏసీ పేరుకే.
హైదరాబాదు నుంచి అప్పుగా తెచ్చిన ఆసిల్లోస్కోపు తెర మీద
వేల అలలు ఒకదానిపై ఒకటి పడి
కన్ను ఆకారం కట్టాలి.
కళ్లకలక వచ్చిన పిల్లాడి కన్నులా
రెప్పలు అతుక్కుపోయి ఉంది.

"ఏంది మేడమ్, ఇంగా నిద్ర లేయల్యా అది?"

హుసేనప్ప. అటెండరు. నడుముకు తాళాలగుత్తి.
ఈ ఉద్యోగానికి ముందు పన్నెండేళ్లు
ఎర్రగుంట్ల పక్క నాపరాయి గనిలో
ఉలి పట్టినోడు.
సమ్మెట ఎత్తేది వాళ్ల మామ పక్కీరయ్య.
ఒకటీ రెండూ అని ఎవరూ లెక్క పెట్టరంట.
"దెబ్బకీ దెబ్బకీ మద్దెలో ఉలిని రవ్వంత తిప్పల్ల,
దెబ్బ పడేతలికి రాయి మాదిరి ఉండల్ల.
తలెత్తి చూసినావా, అయిపోయినట్టే.
చప్పుడుతోనే చెయ్యి తెలుసుకోవల్ల."

నేను రాసిన లూపుదీ అదే కూలి.
సున్నా ఒకటిగా మారే అంచు కనబడ్డప్పుడల్లా
తొందరపడ్డానా, ఆలస్యమయ్యానా అని అడిగి
తనను తాను జరుపుకుంటుంది.
వరసగా నలభై సున్నాలొస్తే
అంచు లేదు, అడగడానికి ఎవరూ లేరు,
మనుషులు దిగిపోయిన గనిలో
ఒక్కడే ఉలి పట్టుకుని కూర్చున్నట్టు
తోచిన దిక్కుకు జరిగి జరిగి
మళ్లీ దెబ్బ పడే వేళకు ఒక బిట్టు పక్కన ఉంటుంది.

"మరి ఆ వేలు?" అన్నాను,
అడగకూడదనుకుంటూనే.

ఎడమచేతి బొటనవేలికి
కణుపు పైన మూడు సెంటీమీటర్లు లేవు.

"మామ ఆ పొద్దు దగ్గినాడు మేడమ్.
ఒక్క దెబ్బ లేటయ్యింది. ఒక్కటే.
నేను దానికి తగ్గట్టు సర్దుకున్యా.
మామ ఎప్పటి లెక్కకే మళ్లీ వచ్చినాడు.
తప్పు ఆయప్పది కాదు.
దగ్గుకు గూడా తాళమేసినోన్ని నేను."

చీపురు తీసుకుని వరండాలోకి పోయాడు.

నా లూపు దిద్దుబాటు ఎనిమిదో వంతు.
ప్రతి రొదకూ చెయ్యి జరుపుతోంది.
మొదటి రెండు వేల బిట్లకు దాన్నలాగే ఉంచాను,
దారి దొరికేదాకా తొందర తప్పదు.
ఆ పైన రెండువందల యాభై ఆరో వంతు.
అంచు లేనప్పుడు కొత్తగా ఏమీ నేర్చుకోవద్దని,
చివరిసారి తెలిసిన నడకే నడవమని
ఒక్క వరస రాశాను.

ఆ ఒక్క వరసకు ఎండాకాలం మొత్తం పోయింది.
ఒక బోర్డు కాలింది. రెండుసార్లు,
తప్పు నాదనుకుని వెతికితే కనెక్టరు వదులు.
బుగ్గవంకలో ఎర్రనీళ్లు వచ్చిన రాత్రి
కరెంటు పోయి, జనరేటరు అందుకుని,
లూపు మళ్లీ మొదటి దెబ్బ నుంచి మొదలుపెట్టి
పట్టుకుంది.

రెప్పల మధ్య
నాపరాయంత నల్లగా, నునుపుగా
కొంచెం చోటు.

హుసేనప్పను పిలిచాను.
చాలాసేపు చూశాడు. పొట్టి బొటనవేలు
తెర మీద, ఆ నలుపు మీద ఆనించాడు.
"బాగుండాది. ఇప్పుడు ఎన్ని తప్పులు పోతాండాయి?"

"వంద కోట్లకు ఒకటి."

తాళాలగుత్తి తీసి, సరైన తాళంచెవి వెతుక్కుంటూ,
"ఆ ఒక్కటి ఎవురికి తగుల్తుందో" అన్నాడు.