ఒకే ఫ్రేముల లేరు

హన్మకొండ చౌరస్తాల మా ఎడిటింగ్ గది మూడో అంతస్తు.
కరెంటు పోతే యూపీఎస్సు కీచుమంటది.
గప్పుడు పని బంద్ పెట్టి ఫోన్ల పాటలు చూస్తం,
నేనూ, సారయ్యా.

గా పాట నాలుగు నిమిషాల పదకొండు సెకన్లు.
అంత మన దిక్కే తీసిన్రు.
కాజీపేట స్టేషను మెట్ల వంతెన మీద పిలగాడు,
ఎనుమాముల యార్డుల మిరప రాశుల నడుమ పిల్ల.
"రా" అని పాడుతడు వాడు,
పల్లవిల మూడుసార్లు, చరణంల ఒకసారి.
ఆమె తలెత్తుతది.
సారయ్య కండ్లు తుడుచుకున్నడు.
ఘాటు, అన్నడు.
ఫోన్లకెళ్లి మిరప ఘాటు!

రెండోసారి సౌండు తీసేసి చూసిన.
పెండ్లి వీడియోలు కోసే చెయ్యికి ఇదొక రోగం,
పాట నోరు మూస్తె గని
బొమ్మ నోరు తెరవదు.

మొదలు రంగు.
మార్చి నెల యార్డు నాకెరుకే.
మా చిన్నమ్మ ఆడ తాలుకాయ ఏరేది,
మాపటికి ఆమె చేతులు కడిగిన నీళ్లు సుత మండేవి.
గంత ఎరుపును నీలం జేసిండు డైరెక్టరు.
రాశులన్ని తెల్లారకముందటి బొగ్గు లెక్క.
ఆమె చేతిల ఒక్క కాయను మాత్రం
ఎర్రగ ఇడిసిపెట్టిండు.
సోకు కోసం అనుకున్న.
మళ్ల చూస్తే, వాని ఎనుక సిగ్నలు దీపానిది గదే ఎరుపు.
పాట అయిపోయేదాక
పచ్చ పడదు.

తర్వాత నీడలు.
వానివి సాయంత్రపువి, మెట్లు దిగి పట్టాల దాక పారినయ్.
ఆమెది మిట్టమధ్యాహ్నంది,
కాళ్ల కింద ముడుచుకొని కూసున్నది.
వాడు స్వెటరేసుకున్నడు.
ఆమె మెడ మీద చెమట.
అంటే వాడు పిలిచింది చలికాలంల,
ఆమె తలెత్తింది ఎండలు ముదిరినంక.
మధ్యల ఏమైందో పాట చెప్పదు.

గప్పుడు దొరికింది అసలుది.
ఇద్దరు ఒక్క ఫ్రేముల లేరు.
ఒక్కసారి సుత.
వాడు ఎడమకు చూస్తడు. కోత. ఆమె కుడికి చూస్తది.
నడుమ దారం కట్టింది మన కన్నే.

నాకు గీ దొంగపని కొత్తనా?
పోయినేడు పరకాల పెండ్లి. పిల్ల పేరు ఉదయశ్రీ.
ఆరు గంటల ఫుటేజి,
పిలగాని దిక్కు ఒక్క చూపు లేదు.
వాళ్లమ్మ ఫోన్ జేసింది,
"బిడ్డ నవ్వింది జర ఎక్కువ పెట్టు బిడ్డా" అని.
నవ్వింది ఒక్కపారే.
వంటలకాడ కోతొచ్చి గారెల గిన్నె ఎత్తుకపోతాంటే.
ఆ నవ్వు తెచ్చి తలంబ్రాల పక్కన అతికిచ్చిన.
చూసి ఇల్లిల్లంత ఏడ్చిన్రట.
ఆమె సుత చూసిందట.
ఏమన్నదో ఎవలూ చెప్పలే, నేనూ అడగలే.

ఇంకొకటున్నది ఈ పాటల.
మూడో నిమిషం ముప్పై ఆరో సెకనుకాడ
మూలకు ఒక హమాలి, బస్తా మీద కూసొని
తువ్వాల ముక్కుకు అడ్డం పెట్టుకొని
సక్కగ మనకేసే చూస్తడు.
"గిది కోసుడు మర్శిపోయిన్రు," అన్నడు సారయ్య.
మర్శిపోలేదంట నేను.
నీలం పూసిన బొమ్మల మధ్య
అతనికి తుమ్ము నిజంగనే వస్తున్నది.
ఎవలో ఉన్నరని చూస్తున్నది అతనొక్కడే.
సారయ్య ఒప్పుకోలే.
"అక్కా, నువ్వు మస్తు ఆలోచిస్తవ్.
ఆళ్లకు రెండోరోజు షూటింగుకు పైసల్లేకుండొచ్చు."

ఉండొచ్చు.

కరెంటొచ్చింది.
తెర మీద నర్సంపేట పెండ్లి ఆగిన కాన్నే ఉన్నది.
పిల్ల ఎడమకు చూస్తున్నది, గోడ దిక్కు,
గోడకు సున్నం తప్ప ఏం లేదు.
పిలగాని షాటు పక్కనే రెడీగున్నది.
మౌసు మీద వేలు పెట్టి
మిరపకాయ ముట్టిన వేలును కంటికాడికి పోనియ్యనట్టు
జరసేపు గట్లనే ఆపుకున్న.