రాతికోడి

పన్నెండు రోజులు కొట్టంలో
కాళ్ళు కట్టి వేలాడదీశాం.
ఈ ఏడు రెండే. తినేది ఆరుగురం.

హాల్బెరా అవ్వ మేతసంచి కోసి
నా ముక్కు దగ్గర పెట్టింది:
బర్చ్ మొగ్గలు, మంచు కింద నమిలిన ఆకులు.
"మసాలా అదే తెచ్చుకుంది" అంటూ
మిరియాల డబ్బా లాగేసుకుంది.

వెన్నలో రొమ్ముముక్కలు చిటపటమన్నాయి,
బొమికల రసానికి కిటికీలకు చెమట పట్టింది.
రేడియోలో ఆరింటి క్రిస్మస్ గంటలు.

కాలేజమంత ముదురు మాంసం.
మొదటి ముక్కకి నోరు ముడుచుకుంది,
రెండోది తింటూనే మూడోది అడిగింది.

అప్పుడు స్టైనున్ పంటికింద
టక్కుమని సీసపు గుండు.
అవ్వ దాన్ని దీపం దగ్గర తిప్పి చూసి
"మనింట్లో ఇంత లావువి వాడరే" అంది.

నిన్నటిదాకా మంచులో పాకిన కథ చెప్పిన
ఐవిందుర్ మామ
గ్రేవీ ఇటివ్వమన్నాడు.