పన్నెండు వన్నె

గుణుపురం బస్టాండు వెనక మా కొట్టు.
బోర్డు మీద ఒడియా పైన, తెలుగు కింద,
వానలకి రెండూ ఒకేలా వెలిసిపోయాయి.
లెక్క తెలుగులో కడతాను, బిల్లు ఒడియాలో రాస్తాను,
బేరం మాత్రం నోటికి ఏది దొరికితే దాంట్లో.

మొన్న మధ్యాహ్నం ఇద్దరొచ్చారు.
కుసుమలత, సర్కారు ఆసుపత్రి నర్సు,
యాభై దాటాయి, కళ్లజోడు తాడుకి వేలాడుతోంది.
పక్కన బైధర్ సాహు, రాయగడ బస్సు కండక్టరు,
సెలవు పెట్టి వచ్చినా
చిల్లర సంచి భుజాన్నే ఉంది.
"వజ్రపుటుంగరం చూపించండి," ఆయన తెలుగులో అన్నాడు.
"మరీ ఖరీదుది వద్దు," ఆమె ఒడియాలో అంది.
సోమవారం రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలట.

నల్లగుడ్డ పరిచి మూడు పెట్టాను.
"ఊపిరి ఊదమ్మా,
ఆవిరి నిలిస్తే గాజు, చటుక్కున పోతే వజ్రం
అనేవాడు మా నాన్న.
ఇప్పుడా పరీక్ష గట్టెక్కే నకిలీలూ వచ్చాయి.
కాగితం చూడకుండా నన్ను కూడా నమ్మకండి,
తల్లి ముక్కుపుడకలోనూ కంసాలి గీసుకుంటాడన్న మాట
ఊరికే పుట్టలేదు."
బైధర్ నవ్వలేదు. ఆమె నవ్వింది.

ఇది భూమిలో దొరికింది, ఇది యంత్రంలో పెరిగింది,
రెండూ వజ్రాలే, ధర దగ్గరే పుట్టుక అడుగుతారు.
మూడోదాని కడుపులో చిన్న చుక్కుంది.
ఆయన కంటద్దం పెట్టుకుని చాలాసేపు చూశాడు,
నలిగిన అయిదొందల నోటును చూసినట్టు.

ఆమె రాళ్లను చూడటం లేదు.
ఒకటి వేలికి తొడిగి, బ్యాగులోంచి రబ్బరు గ్లౌజు తీసి
దాని మీంచి లాగింది.
చర్రుమని చిరిగింది.
"ఈ ముళ్లే," అంది, "రాయిని పట్టుకున్నవి.
రోజుకి ఇరవైసార్లు వేసి తియ్యాలి నేను.
పురిటిగదిలో ఉంగరం విప్పి ఎక్కడ పెట్టను?"

అప్పుడు గుర్తొచ్చింది అడుగు సొరుగులో డబ్బా.
కిందటేడు కలహండి నుంచి ఒకతను
తువ్వాలు కొసన ముడేసి తెచ్చిన రాయి.
కెంపనుకున్నాడు,
బస్సు దిగేదాకా కెంపే అనుకుని ఉంటాడు.
దీపానికి ఎత్తిపట్టి గార్నెట్టు అన్నాను.
వాదించలేదు. మంచినీళ్లు అడిగాడు.
నేనిచ్చింది న్యాయమైన ధరే,
అయినా ఎందుకో ఇన్నాళ్లూ ఎవరికీ చూపించలేదు.

గురివింద గింజకన్నా కాస్త పెద్దది,
ఆ నలుపు మాత్రం లేదు.
"కెంపా?" అంది.
"కాదమ్మా. వజ్రం ముందు పసిపిల్ల.
చుట్టూ గట్టు కట్టి లోపలికి దించుతాను,
గ్లౌజుకి తగలదు."
చేతిలో పెట్టుకుని కిటికీ దాకా నడిచింది.
తిరిగొచ్చాక వజ్రాల వైపు చూడలేదు.

"ఇరవై రెండు క్యారట్లలో చెయ్యండి," బైధర్ పట్టుదల,
తక్కువది కొన్నాడని డిపోలో అనకూడదు.
"పదహారు వన్నె బంగారం పొగడ్తకి బాగుంటుంది బాబూ,
మనిషికైతే మరీ మెత్తన.
ఇరవై రెండూ రోజూ కష్టపడే చేతికి నిలవదు.
పద్దెనిమిది చాలు, మా నాన్న లెక్కలో పన్నెండు వన్నె.
నాలుగో వంతు రాగీ వెండీ పడితేనే
రాయిని వదలని పట్టొస్తుంది."
"నాలుగో వంతు," అన్నాడు,
వేళ్ల మీద ఏదో కడుతూ.
ఏం లెక్కో నేనడగలేదు.

వేలి కొలత తీశాను. కణుపు లావు, మొదలు సన్నం.
రాత్రి డ్యూటీ దిగాక మళ్లీ రమ్మన్నాను,
పొద్దుటి వేలు వేరు, అలిసిన వేలు వేరు.
అడ్వాన్సు అన్నీ పదులూ ఇరవైలూ,
రబ్బరు బ్యాండు వేసి, తలలన్నీ ఒకవైపు తిప్పి.

బిల్లులో రాయి పేరు దగ్గర కలం ఆగింది.
గార్నెట్టు, కలహండి, అని రాశాను.
అతని పేరు అడిగి ఉండాల్సింది,
నీళ్లిచ్చినప్పుడైనా.