పైపుకి చెవి ఆనించి

రాత్రి రెండింటికి మా తరావాలో
ఈ చివర నిలబడితే ఆ చివర వినిపిస్తుంది.
ఎడమ చెవికి సముద్రం,
కుడి చెవికి లోపలి ఉప్పుమడుగు.
నేను వినాల్సింది ఆ రెండూ కాదు.
ఇసక కింద, నల్లపైపులో
ఎక్కడో కారిపోతున్న మంచినీళ్ళ సన్నటి ఈల.

నా చేతిలో ఓ ఇనప కడ్డీ, పైన చెక్క గిన్నె.
ఒక కొస వాల్వు మీద, ఒక కొస చెవికి.
పని నేర్పిన ముసలి తెకోబో అనేవాడు:
"సముద్రం ఊపిరి తీసుకుంటుంది, ఆగుతుంది.
లీకు ఊపిరి తీసుకోదురా.
అదే గుర్తు."

మాకు కొండ లేదు.
ఏరు అంటే బడిపుస్తకంలో నీలం గీత.
కురిసిన వాన ఇసకలోకి ఇంకి
అడుగున ఉన్న ఉప్పునీటి మీద
పులుసు మీద నూనెలా పలచగా తేలుతుంది.
గాదె అన్నా అదే, గింజ అన్నా అదే.
నిదానంగా తోడుకుంటే ఉంటుంది.
ఆత్రపడ్డామా, కింది ఉప్పు లేచి కూర్చుంటుంది.
మళ్ళీ అది దిగడానికి ఎన్ని వానలు కావాలో
ఆఫీసులో ఎవరినడిగినా
పైకప్పు వంక చూస్తారు.

సోమవారం మనేయాబాలో కూటం.
ఇంజనీరు కాగితం చదివాడు:
మనిషికి రోజుకి యాభై లీటర్లు కావాలి,
ఉన్నవి ముప్ఫై,
బయటి దీవుల నుంచి పడవ దిగుతున్నవాళ్ళని కలిపితే
ఇరవై రెండు.
చాప మీంచి నేయ్ మరేవా లేచింది.
"మీరు నీళ్ళు తోడుతున్న నేల మా అమ్మది.
కొబ్బరిచెట్లు కొట్టించారు, పందుల్ని తోలించారు,
మా సమాధుల దగ్గరికెళ్ళాలన్నా చీటీ అడుగుతున్నారు.
మా కుళాయి మాత్రం రెండ్రోజులకోసారి రెండు గంటలు.
ఈ లెక్క ఎవరు నేర్పారు నాయనా?"
ఇంజనీరు నీళ్ళు నమిలాడు.
నమలడానికి ఆయనకైనా ఉన్నాయి.

చర్చి దాటాక మూడో కరెంటు స్తంభం.
అక్కడ కడ్డీ పలికింది.
ఈల. ఆగింది. మళ్ళీ ఈల.
ఊపిరి తీసుకుంటోంది!
సముద్రం కాదు, లీకూ కాదు. మనిషి.

పైపుకి మేకుతో పొడిచిన కన్నం,
దానికి సైకిలు ట్యూబు ముక్క బిరడా.
చీకట్లో మరేవా, చేతిలో పాలపొడి డబ్బా.
పక్కన మనిషి లోతు గొయ్యి,
గొయ్యిలో వాళ్ళమ్మ నాటిన బబాయి దుంపలు.
ఏనుగు చెవులంత ఆకులు,
అంచులన్నీ కాలిన కాగితంలా.
తాగడానికి కాదు ఆమె దొంగిలిస్తున్నది.
ఒక్కో మొదట్లో ఒక్కో డబ్బా,
పసిపిల్లకి ఉగ్గు పట్టినంత నెమ్మదిగా.

నన్ను చూసి దాచలేదు.
డబ్బా చాపి, "తాగి చెప్పు" అంది.
తాగాను.
నాలిక చివర ఏదో.
మీటరు కన్నా ముందు నాలికకే తెలుస్తుంది,
అయినా నాలిక మాట ఏ రిజిస్టరులోకీ ఎక్కదు.
"ఉప్పా?"
"ఇంకా కాదు" అన్నాను.
ఆ "ఇంకా" దగ్గర
ఇద్దరం కాసేపు నిలబడ్డాం.

నోటుబుక్కులో రాశాను:
మూడో స్తంభం, రెండూ నలభై.
శబ్దం: సముద్రానిది.

ఆరింటికి వాల్వు తిప్పాలి.
ముందు గాలి వస్తుంది, పైపు దగ్గుతుంది,
తర్వాత తుప్పు రంగు, ఆ తర్వాతే నీళ్ళు.
లైను చిట్టచివర మా అక్క ఇల్లు.
తెల్లారకముందే పిల్లాడు బకెట్ పెట్టి,
దాని పక్కనే కూర్చుని నిద్రపోతాడు.
అది ఎక్కడిదాకా నిండుతుందో చూడ్డానికి
ఇవాళ నేను అటు వెళ్ళను.