ఓడ కూత

మా తొమ్మిదో తరగతి బి సెక్షన్లో
ఆ ఏడాది పిల్లల్లేరు.
గౌరి టైలరింగ్ ఉండేది.
కన్నబాబు ఐస్ ఫ్యాక్టరీ ఉండేవాడు.
రెడ్‌మిలు ముగ్గురు.
మాటాడని గోవింద కిరాణా ఒకరు.
నేను లోవరాజు ఆటోని.
సైన్సు మేష్టారు హాజరు పిలిస్తే
స్టాండులో వరస వచ్చినట్టు
"లోవరాజు ఆటో, ప్రెజెంట్ సార్" అనేదాన్ని.

నాన్న బండికి తాళం పడ్డాకే
ఆ ఫోను పగటిపూట నా చేతికొచ్చింది.
డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన
మూరెడు నీడ, రెండు గీతల సిగ్నలు.
పదకొండున్నరకి నీడ నన్నొదిలేసి గోడెక్కేది.
మెట్ల మీంచి తమ్ముడు
"అప్పా, అయిపోనాదేటి?"
వాడికి పన్నెండింటికి లెక్కలు.

మేష్టారిది మర్రిపాలెం.
పాత కేలండరు తిరగేసి గోడకి తగిలించి
దాని తెల్లటి వీపు మీద స్కెచ్ పెన్నుతో రాసేవారు.
నోరు ముందొచ్చేది, మాట వెనకొచ్చేది.
ఒక్కోసారి నోరు తెరిచినవారు తెరిచినట్టే
బిగుసుకుపోయేవారు.
నవ్వేవాళ్లం. ఎవరి నవ్వు వాళ్లింట్లోనే.

ఆ రోజు పాఠం ధ్వని.
"గాలిలో సెకనుకి మూడొందల నలభై మీటర్లు..."
అంటుండగా హార్బర్లో ఓడ కూసింది.
మా కోటవీధి కిటికీ రెక్కలు జల్లుమన్నాయి.
నేను మైకు మూయడం మర్చిపోయాను.

తిడతారనుకున్నా.
"అందరూ మైకులు తెరవండర్రా.
ఎవరూ మాటాడకండి" అన్నారు.

గౌరి టైలరింగ్ వెనక మిషను ఆగింది.
ఎవరింట్లోనో పోపు. ఎవరిదో చంటిపిల్ల.
ఓడ మళ్లీ కూసింది.

ముందు నా చెవికి.
ఆనక ఫోన్లోంచి, చెంగల్రావుపేటలో.
తర్వాత అల్లిపురంలో.
ఇంకా ఆగి, సన్నగా, కంచరపాలెంలో.
ఒక్క కూత, ఊరంతా నడుచుకుంటూ పోయింది
మాస్కు లేకుండా, పోలీసులాపకుండా.

"టైలరింగ్! పన్నెండు సెకన్లు. మీ ఇల్లెంత దూరం?"
"నాలుగు వేల ఎనభై మీటర్లు సార్!"
ఆ పిల్ల గొంతులో మొదటి బహుమతి.
అప్పుడన్నాడు ఐస్ ఫ్యాక్టరీ, మెల్లిగా,
"సార్, అందులో నెట్టు ఆలస్యం కూడా కలిసుంటాది గదా."
మేష్టారు తల గోక్కున్నారు.
"అవున్రా. లెక్క తప్పే.
ఆ ఆలస్యం కొలవడం నాకూ రాదు."

మైకులు మూసేలోగా
ఇంకొకటి కూడా విన్నాం.
గోవింద కిరాణా గడిలోంచి
ఓడ కాదు, ఫ్యాను కాదు.
ఎవరో పెద్దాయన ఊపిరి తీసుకోవడం.
మళ్లీ తీసుకోవడం.
ఎవరం అడగలేదు.

పది రోజులకి ఆ గడిలో పేరు మారింది.
మజ్జి హైమావతి.
క్లాసు మొత్తానికి సొంత పేరున్నది
ఆమె ఒక్కర్తే.

మేష్టారు హాజరు పిలుస్తూ పిలుస్తూ
అక్కడికొచ్చి
నోరు తెరిచినవారు తెరిచినట్టే ఆగిపోయారు.
సిగ్నలనుకున్నాను,
ఫోను పైకెత్తి పట్టుకున్నాను.

ఆయన వెనక కేలండరు
గాలికి కదుల్తూనే ఉంది.