వాసన లేని గాలి

గోపాల్‌పూర్‌లో, వలలు కుట్టే పాక వెనక,
తుక్కు తూకానికి కొన్న కంప్రెసర్.
మూడు సిలిండర్లు. రెండింటికే ఊపిరి.

దానేసు అరిగిన రింగులు మార్చాడు.
నేను ఫిల్టరు గొట్టంలో ముద్దగట్టిన బొగ్గు
వేలితో గోకుతుంటే మావయ్య గుర్తొచ్చాడు:
ఏడు బారల లోతున
గాలితో పాటు ఇంజను పొగ తాగి
తాడు లాగడం మరిచిపోయినవాడు.

అందుకే పీల్చే గొట్టాన్ని
గాలివాటు చూసి వెదురుకి ఎత్తికట్టాం.
"పొయ్యి అటు జరుపు అప్పా!"
కవళ్లు వేపే నీలమ్మతో పొద్దుటంతా గొడవే.

ముల్లు రెండొందలు దాటింది.
సిలిండరు మర విప్పి తెల్లగుడ్డ పట్టాడు దానేసు.
మరక లేదు.
నువ్వు పీల్చు, అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు,
చేపల వాసన లేని గాలి.
కాసేపు
ఏ ఊళ్లో ఉన్నానో తెలియలేదు.