ఏడు గుండీలు

తలుపు పక్కన చిన్న పెట్టెలో తాళంచెవి.
గోడమీది గుర్తుకి ఫోను చూపిస్తే
నా కాలం పరుగు మొదలవుతుంది.
ఏడుంబావు నుంచి ఏడున్నర దాకా.
ఈ వీధిలో అందరికీ ఇంతే,
ముసలి మిసెస్ ప్రిచర్డ్‌కీ,
గనిలో చెయ్యి పోగొట్టుకున్న హవెల్‌కీ,
ఇద్వల్‌కీ.
ఒకే గడియారం, ఒకే కొలత.
ఆఫీసులో దాన్నే సమానం అంటారు.

ఇద్వల్‌కి యాభై ఎనిమిదేళ్లు.
చొక్కాకి ఏడు గుండీలు.
కింది నుంచి పైకి వస్తాడు,
పైనుంచి మొదలెడితే చివర ఒకటి మిగిలిపోతుందని
తనే కనిపెట్టుకున్న సూత్రం.
ఒక్కో గుండీ దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని,
కిటికీలో కొండ ఉందో లేదో చూసుకుని
(ఈ లోయలో వాన దాన్ని రోజుకి నాలుగుసార్లు చెరిపేస్తుంది)
మళ్ళీ తన వేళ్లని పిలుచుకుంటాడు.
తొమ్మిది నిమిషాలు.
నేను పెడితే నలభై సెకన్లు.

మొదటి నెల నేనే పెట్టాను.
మాత్రలు, టోస్టు, గుండీలు, సంతకం.
రెండు నిమిషాలు మిగిల్చానని మురిసిపోయాను కూడా.
అతను చేతులు వేలాడేసి నిలబడేవాడు
బట్టల దుకాణంలో బొమ్మలా.
ఆ నిలబడటం ఎక్కడ నేర్చాడో తర్వాత తెలిసింది.
కొండవతల పెద్దాస్పత్రి, ఇప్పుడు మూసేశారు.
ముప్పై ఒక్క ఏళ్లు.
వార్డంతటికీ ఒకటే బట్టల గుట్ట,
ఎవరి చేతికందింది వాళ్లది.
ఆ రోజుల గురించి అడిగితే
"నాది కాదు" అంటాడు.
చొక్కా సంగతో బతుకు సంగతో చెప్పడు.

ఫిబ్రవరిలో గోడకి తల కొట్టుకున్నాడు.
పొద్దున వచ్చినమ్మాయి పుస్తకంలో రాసింది: ప్రవర్తన.
రాత్రి వచ్చినమ్మాయి: మళ్ళీ ప్రవర్తన.
డాక్టరు ఫోనులోనే మందు పెంచాడు.
ఆ శనివారం నా తర్వాతి ఇల్లు రద్దయింది.
దొరికిన గంట. ఎవరికీ చెప్పలేదు.
నేలమీద అతని పక్కన కూర్చున్నాను, ఏమీ అడక్కుండా.
చాలాసేపటికి నా చెయ్యి తీసుకుని
తన దవడకి ఆనించుకున్నాడు.
పెనంలా కాలుతోంది.
పన్ను.
మూడు వారాల పన్ను నొప్పికి
మేమంతా కలిసి పెట్టిన పేరు.
అదే నాకు నొస్తే
సాయంత్రానికల్లా పన్ను నొప్పే అనేవారు.

మార్చిలో కౌన్సిల్ నుంచి గెథిన్ వచ్చాడు,
తడిసిన కోటుతో, ల్యాప్‌టాప్‌తో.
"గుండీలు పెట్టుకోగలడా?" నన్నడిగాడు.
"ఆయన్నే అడగండి."
ఇద్వల్ లేచి కెటిల్ నింపాడు.
కప్పు ఎంచాడు, మార్చాడు, మళ్ళీ మొదటిదే తీశాడు.
గెథిన్ రెండుసార్లు టైము చూసుకున్నాడు,
మూడోసారి చూడలేదు.
"చక్కెర?"
"రెండు."
ఒక చెంచా. ఆలోచన. ఇంకో చెంచా.
ఇరవై రెండు నిమిషాల టీ.
అది రాయడానికి ఫారంలో గడి లేదు.

అప్పుడు నేనన్నాను:
మా అమ్మ ముటారేలో టైరు చెప్పులు కుట్టేది.
ఎవరొచ్చినా ముందు అట్టమీద కాలు పెట్టమని
చుట్టూ బొగ్గుతో గీసేది.
ధర అందరికీ ఒకటే.
అట్ట మాత్రం ఎవరిది వాళ్లకే.
గెథిన్ ఏమీ అనలేదు. టీ మొత్తం తాగాడు.

ఏప్రిల్‌లో ఉత్తరం.
పొద్దున ఇరవై నిమిషాలు పెంచారు.
సాయంత్రానికి ఏమీ లేదు.
విప్పడం తేలికే కదా అనుకున్నట్టున్నారు.
పక్కన మనిషి లేకపోతే
మూడో గుండీ దగ్గర ఆగిపోతాడు,
చొక్కాతోనే పడుకుంటాడు.
పొద్దున వెళ్లేసరికి
కాలరు మెడమీద ఎర్రటి గీత.

మళ్ళీ అర్జీ రాస్తున్నాను, బస్సులో, మోకాలిమీద.
సాయంత్రం గుండీలు కూడా ఏడే.
పెట్టడం కన్నా విప్పడం కష్టం.
ఎందుకని
ఆయన్నే అడగండి.
సమాధానానికి కాస్త టైము పడుతుంది.
కూర్చోండి.